చివరి అక్షరం చెక్కని బండ

“ముందు ఆ బండను గేటు బయటికి తోయండి. ఆ తర్వాతే ఈ ఇంట్లో పొయ్యి ముట్టించేది!”

వెంకటేశ్వరమ్మ ఆ మాట అనేసి వసారా గట్టు మీద కూలబడింది. పొద్దున్నుంచి ఆమె అన్న మాటల్లో కాస్త మర్యాదగా ఉన్నది ఇదొక్కటే.

బండ మాత్రం కదల్లేదు. నిలువెత్తు నల్ల కడప బండ, ముఖం చూసుకునేంత నున్నగా పాలిష్ పట్టి, ప్రహరీ గోడకు ఆనించి ఉంది. ఆ ఇల్లు బతికిందే బండల మీద. బేతంచెర్లలో దొంతుల వాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ ఎక్కడంటే ఏ లారీ డ్రైవరైనా కళ్ళు మూసుకుని చెబుతాడు. వాళ్ళింట్లో మెట్లూ బండలే, వంటింటి గట్టూ బండే. కానీ సమాధి బండ ఇంటి వాకిలి తొక్కకూడదు. ఫ్యాక్టరీలో తయారైంది నేరుగా సమాధి కట్టే పొలానికే పోవాలి. ఆ ఊళ్ళో పసిపిల్లలకైనా తెలిసిన ఆచారం అది. తెలిసి తెలిసి, కావాలనే, ఇంటి యజమాని దాన్ని వాకిట్లో దింపించాడు.

బండ మీద పెద్ద అక్షరాలతో ‘దస్తగి’ అని చెక్కి ఉంది. చివరి అక్షరం లేదు. బతికున్నవాడి పేరు పూర్తిగా చెక్కితే ఆయుష్షు అక్కడితో సరి అని చెక్కుడు పనివాళ్ళ నమ్మకం. ఆ ఒక్క అక్షరం జాగా ఖాళీగా వదిలి, మిగతాదంతా శ్రద్ధగా చెక్కారు.

“నాయనకు మతి పోయిందా ఏమి?” అన్నాడు గోపీనాథ్. కొడుకు గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది. “సోమవారం ఆపరేషన్ పెట్టుకోని ఇదేం పని? ఎవురు చెక్కినారు దీన్ని?”

“ఇంకెవురు చెక్కుతారు? మన ఫ్యాక్టరీ చిన్న దస్తగిరే. మీ నాయన చెప్తే వాడు కొండైనా చెక్కుతాడు.” వెంకటేశ్వరమ్మ తల తిప్పి, తలుపు దగ్గర నిలబడ్డ కోడలి వైపు చూసింది. “సంతోషమేనా తల్లీ? గాజుముక్క చూసి నువ్వు చెప్పినావు. ఆయప్ప దాన్ని బండ మీద రాయించుకున్యాడు.”

హర్షిణి గడప దాటి ఒక అడుగు బయటికి వేసింది.

కోడలు పెద్ద చదువు చదువుతోందని నిన్నమొన్నటి దాకా ఊరంతా చెప్పుకుని మురిసిన అత్త ఈమే. కర్నూలులో పాథాలజీ పీజీ. మైక్రోస్కోపు కింద మనిషి లోపలి రోగాన్ని చూసే చదువు. అదే చదువు ఇప్పుడు ఇంటి మీదికి వచ్చి పడింది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ ముక్కల్లో మూలకణాల గుర్తులు వెతకడం హర్షిణి పరిశోధన. గడ్డలో కణాలన్నీ ఒకటి కావు. కొన్ని విత్తనాల్లాంటివి. గడ్డను కోసేసినా, మందు ఎక్కించినా ఎక్కడో దాక్కుని మళ్ళీ మొలకెత్తుతాయి. ముక్కకు తగిన రంగు వేస్తే వాటి మీది గుర్తులు గోధుమరంగులో బయటపడతాయి. ఆ గోధుమరంగు ఎక్కువున్న వాళ్ళకి రోగం త్వరగా తిరగబెడుతుందా, అన్నది వందలమందిని చూసి తేల్చాల్సిన సంగతి.

తేలేదాకా ఆగలేకపోయింది. మామగారి ఊపిరితిత్తి నుంచి పరీక్షకు తీసిన ముక్క తమ డిపార్టుమెంటులోనే మైనపు దిమ్మెలో ఉందని గుర్తొచ్చింది. తీసింది. రంగు వేసింది. స్లైడు నిండా గోధుమరంగే.

ఇంట్లోవాళ్ళది చూడకూడదు. చూసినా చెప్పకూడదు. రెండూ చేసింది. వంటింట్లో మొగుడితో గుసగుసగా, “మామకు కోసినా లాభం ఉంటుందో లేదో గోపీ, ఇది మళ్ళీ వచ్చే రకంలా ఉంది” అంది. కిటికీ అవతల కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్న మనిషిని ఇద్దరూ చూసుకోలేదు.

“అత్తా, నేను చెప్పింది...”

“నువ్వింక ఏమీ చెప్పొద్దు. చెప్పినంత చాల్లే.”

గేటు చప్పుడైంది. పెద్ద దస్తగిరి వచ్చాడు. చొక్కా మీద బండదుమ్ము, భుజాన తుండుగుడ్డ, చేతిలో కూరగాయల సంచి. తన సమాధి బండ పక్కగా నడిచి వస్తూ, సంతలో ఎద్దును చూసినట్టు దాన్నొకసారి చూసి తలాడించాడు.

“బాగుండాది గదా? యాడా మచ్చ లేదు. శానా దినాల్నుంచి పక్కన పెట్టుకున్యా ఈ బండను.”

“నాయనా!”

“ఏమప్పా, ఎందుకు అరుస్తాండావు? ఊపిరితిత్తులకు గాని చెవులకు రాలే రోగం.”

సంచి భార్య పక్కన పెట్టాడు. “వంకాయలు లేతగా ఉండాయి. గుత్తొంకాయ చెయ్యి.”

వెంకటేశ్వరమ్మ ఆ సంచిని కాలితో నెట్టింది. వంకాయలు వాకిట్లో దొర్లాయి. ఎవరూ వంగి తియ్యలేదు.

“సోమవారం నేను కర్నూలుకు రాను,” అన్నాడు పెద్దాయన, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. “డాక్టరుకు ఫోన్ చేసి చెప్పు గోపీ. ఆ మంచం ఇంకెవురికైనా ఇస్తారు.”

“గడ్డ చిన్నగా ఉండంగానే కోసెయ్యాలని డాక్టరు నెత్తీనోరూ కొట్టుకోని చెప్పినాడు. ఇప్పుడు వద్దంటే మళ్ళీ మనకు జాగా దొరికేసరికి అది పెరిగి కూర్చుంటాది నాయనా!”

“గరిక పైన కోస్తే పోతాదా? వేరు ఉంటే వానకు మళ్ళా లేస్తాది. నా లోపల వేర్లు నిండా ఉండాయని నీ పెండ్లామే చూసింది గదా. మొలిచేదానికి కోత ఎందుకు? ఎదురొమ్ము చీల్పించుకోని, ట్యూబులు పెట్టించుకోని, నాలుగు నెలలు మంచంలో పడుండి, మళ్ళా అదే వచ్చిందని మీరు వంటింట్లో గుసగుసలాడతా ఉంటే వినాల్నా నేను?”

హర్షిణి ముందుకొచ్చింది.

“మామా, తప్పు నాది. నేను చూసింది నిజమే. కానీ అది మీ జాతకం కాదు. ఆ గుర్తులున్నవాళ్ళు వందమందిలో ఎక్కువమందికి తిరగబెట్టవచ్చు, కొందరికి ఎన్నేళ్ళైనా తిరగబెట్టదు. మీరు ఏ గుంపులో ఉంటారో ఆ స్లైడు చెప్పలేదు. దాన్ని చూసి ఆపరేషన్ ఆపమని ఏ డాక్టరూ అనడు. నేనింకా చదువుతున్నదాన్ని. భయపడి వాగాను.”

“భయపడినావు. అది నాకు వినబడింది.” పెద్దాయన గొంతు మొదటిసారి పైకి లేచింది. “నా సావును నాకు చెప్పకుండా మీరూ మీరూ పంచుకుంటారా? రోగం నాది. కండ నాది. ఈడ బొమ్మ మాదిరి కూర్చోబెట్టి, ‘ఏమీ లేదు నాయనా, చిన్న గడ్డ’ అంటారా? ఇంటి పెద్దకు ఇచ్చే మర్యాద ఇదేనా?”

గోపీనాథ్ గోడ వైపు తిరిగాడు.

కాసేపటికి ఆయనే మెత్తబడ్డాడు. కోడలంటే ఆయనకి మొదటి నుంచీ గారాబం.

“నేను సావుకు భయపడేటోన్ని కాదమ్మా. సూదికి భయం, అంతే. ఆ పొద్దు వీపులో సూది పొడిచి ముక్క తీసినారు చూడు, ఆస్పత్రి పైకప్పు ఎగిరిపోయేటట్టు కేక పెట్టినా. చిన్నోడే నయం. నాకంటే ముందు వానికి పొడిచినారు, ఉలకలే పలకలే. నా చెయ్యి పట్టుకోని నన్నే నగిచ్చినాడు.”

హర్షిణి తలెత్తింది.

“చిన్న మామకా? ఆయనకు సూది ఎందుకు పొడిచారు?”

“వానికీ దగ్గు ఉండాది గదా. తోడుకు రారా అని పిలుచుకోని పోయినా. మీరు లేరు గదా ఆ పొద్దు. గోపీ లోడుతో కడపకు పోయినాడు, నువ్వు మీ అమ్మోళ్ళింట్లో ఉంటివి. ఎట్లాగూ వచ్చినావు గదా, నీ దగ్గు కూడా చూపించుకో అని నేనే వానికి చెప్పినా. ఇద్దరికీ ఫోటోలు తీసినారు, ఇద్దరికీ ముక్కలు తీసినారు. నాకు రిపోర్టు వచ్చింది. వానికి రాలే. ఒకసారి పోయి అడిగితే ఇంకా రాలేదన్యారంట. రిపోర్టు రాలేదంటే ఏమీ లేనట్టే గదా?”

హర్షిణి మామగారి కుర్చీ దగ్గరికి వచ్చింది.

ఆ ఊళ్ళో దస్తగిరి అనే పేరు గురించి ఎవరూ ఆలోచించరు. హిందువుల ఇంట్లో ఆ పేరేమిటని బయటివాళ్ళే అడుగుతారు. బిడ్డలు నిలవకపోతే ఏ కులపు తల్లైనా ఊరి దర్గాలో దస్తగిరి స్వామికి మొక్కుకుంటుంది. బిడ్డ పుడితే ఆ పేరు పెట్టి తీరాలి. దొంతుల ఇంటి తల్లీ, దూదేకుల ఇంటి తల్లీ ఒకే కరువు ఏడాది పక్కపక్కన నిలబడి మొక్కుకున్నారు. ముందు పుట్టినవాడు పెద్ద దస్తగిరి, తర్వాత పుట్టినవాడు చిన్న దస్తగిరి. ఊళ్ళో అంతటితో సరిపోయింది. ఆస్పత్రిలో మాత్రం పెద్దా లేదు, చిన్నా లేదు. ఇద్దరూ డి. దస్తగిరి. ఒకే వయసు. బేతంచెర్ల.

“మామా, మీకు ఏ పక్క పొడిచారు?”

“కుడి పక్క. ఇప్పటికీ పడుకుంటే గుచ్చుతాది.”

“ఆయనకు?”

“ఎడమ. నేనే గదా వాని చొక్కా ఎత్తి పట్టుకున్యా. ఏమమ్మా, అట్లా చూస్తాండావు?”

హర్షిణి ఫోను తీసింది. స్లైడును చూసిన రోజే ఫోటో తీసి పెట్టుకుంది. పక్కన కనిపించే చీటీ మీద పేరు, దాని కింద నంబరు. ఇన్నాళ్ళూ ఆ ఫోటోను ఎన్నోసార్లు చూసింది. పేరే చూసింది. ప్రొఫెసర్ మేడం మొదటిరోజు తరగతిలో చెప్పిన మొదటి మాట, ‘పేర్లు మర్చిపోండి, నంబరే మనిషి’ అని. మామ పేరు కనబడగానే ఆ మాట గుర్తులేకుండా పోయింది.

మేడంకు ఫోను కలిపింది. బయటికి నడవబోతే పెద్దాయన ఆపాడు.

“ఈడే మాట్లాడు. అందరికీ వినబడేటట్టు పెట్టు. ఈ ఇంట్లో గుసగుసలింక చాలు.”

స్పీకరు పెట్టింది. నంబరు చదివింది. అవతల మేడం కాసేపు వెతికారు.

“ఇది ఎడమ ఊపిరితిత్తి, హర్షిణీ.”

“మేడం, మా మామగారిది...”

“మీ మామగారిది కుడి కదా. దాని నంబరు వేరే ఉంది. ఆ దిమ్మెకు ఎవరూ రంగు వెయ్యలేదు.” మేడం గొంతు మారింది. “నువ్వు పేరు చూసి దిమ్మె తీశావా?”

“...అవును మేడం.”

“అయ్యో తల్లీ.”

“ఆయనకు రిపోర్టే రాలేదంటున్నారు మేడం. ఆ రెండో ఆయనకు.”

“ఎప్పుడో పంపాం. క్యాన్సరే. ఒకే పేరు, ఒకే వయసు, ఒకే ఊరు, ఒకే రోజు. ఒక కాగితమే రెండుసార్లు వచ్చిందనుకుని మీ మామగారి కేసులోనే కలిపేసి ఉంటారు. హర్షిణీ, ఆ మనిషికి మందు మొదలుపెట్టారా?”

హర్షిణి జవాబు చెప్పకుండానే ఫోను దించేసింది.

వాకిట్లో ఎండ చురుక్కుమంటోంది. రోడ్డు అవతల ఫ్యాక్టరీలో కట్టర్ తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

అందరికంటే ముందు తేరుకున్నది వెంకటేశ్వరమ్మ.

“అంటే... ఈయప్పది కాదా అది?”

“కాదు అత్తా.”

“సామీ! రాఘవేంద్రా!” ఆమె రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. “మంత్రాలయానికి వస్తాం సామీ, అందరం వస్తాం. గోపీ, విన్యావా? మీ నాయనది కాదంట! అయితే ఈయప్పది మంచిదే గదమ్మా? వేర్లూ గీర్లూ లేవు గదా?”

“మామది నేను చూడనే లేదు అత్తా. ఎలా ఉందో తెలియదు.”

“తెలియకపోతే పాయె. మనది కాదు గదా. అది చాల్లే మనకు.”

అనేసింది. అన్న తర్వాత ఆమెకే వినబడింది తన మాట. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొన్న గురువారం చిన్న దస్తగిరి భార్య బషీరాబీ, పెద్దాయన బాగుపడాలని దర్గాలో ఫాతెహా చదివించిన చక్కెర తెచ్చింది. ఆ చక్కెర పొట్లం ఇంకా వంటింట్లో దేవుడి గూట్లోనే ఉంది.

గోపీనాథ్ మెల్లిగా వెళ్ళి, దొర్లిన వంకాయలు ఒక్కొక్కటే ఏరుకోవడం మొదలుపెట్టాడు. ఏదో ఒకటి చెయ్యకపోతే నిలబడలేని స్థితి.

పెద్ద దస్తగిరి మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. కళ్ళు బండ మీదే ఉన్నాయి.

“వాని చేత చెక్కించినా,” అన్నాడు చివరికి. “ఆ దుమ్ములో కూర్చోబెట్టి. మూతికి గుడ్డ కట్టుకోరా అంటే నగినాడు. ‘నీ పేరు చెక్కేటప్పుడు గుడ్డ ఎందుకు పెద్దోడా, నా పేరు చెక్కినట్టే గదా’ అన్యాడు.”

“నాయనా, ఊరుకో.”

“దగ్గుతా చెక్కినాడురా. ఒక్కొక్క అక్షరానికీ దగ్గినాడు. నేను పక్కన కూర్చోని టీ తాగినా.”

ఆయన తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. దుమ్ము చెమటతో కలిసి చెంపల మీద చారలు కట్టింది.

హర్షిణి ఆయన ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

“మామా, ఇప్పుడే పోయి చెబుదాం. ఇప్పటికే చాలా కాలం పోగొట్టాం. సోమవారం మీతోపాటే ఆయన్నీ తీసుకుపోదాం.”

“వానికి చెప్పొద్దు.”

ఆమె తను సరిగా విన్నానో లేదో అన్నట్టు చూసింది.

“చెప్పొద్దమ్మా. వాడు తట్టుకోలేడు. బషీరాబీ అసలే గుండెజబ్బు మనిషి. ఏదో టీబీ అని చెప్పి మందులిప్పిద్దాం. నేను చూసుకుంటా అంతా.”

“మామా!” హర్షిణికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. “ఇందాక మీరేమన్నారు? మీ చావును మీకు చెప్పకుండా పంచుకున్నామని కదా! రోగం నాది, కండ నాది అన్నారు కదా! ఆయన కండ ఆయనది కాదా? మీరు ఇంటికి పెద్ద గనక మీకు చెప్పాలి, ఆయన కూలీ గనక ఆయనకు టీబీ అని చెప్పాలా?”

“హర్షిణీ!” గోపీనాథ్ వారించాడు.

“అననీరా.” పెద్దాయన తల దించుకున్నాడు. “సరిగ్గానే అన్నాది. నాకు చెప్పలేదని బండ తెచ్చి మీ ముందర నిలబెట్టినా. ఇప్పుడు వానికి చెప్పమనే మాట నా నోటికే రాలేదు.”

“ఆ గోధుమరంగు చూసి ఆయన చచ్చిపోతాడని కాదు మామా. మందు పనిచేయవచ్చు. పనిచేయకపోనూవచ్చు. చెప్పకపోతే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు.”

“ఏమని చెప్తావు? మా మామ ముక్క అనుకోని నీ ముక్క చూసినా అని చెప్తావా? మా మామ కోసం ఏడ్సిన ఏడుపంతా నీదే అని చెప్తావా?”

హర్షిణి చదువులో ఎక్కడా రాలేదు ఆ పాఠం.

“ఆపరేషనుకు పోతావు గదా నువ్వు?” అని వెంకటేశ్వరమ్మ సన్నగా అడిగింది. “ఇప్పుడైనా పోతావు గదా?”

ఆయన తుండుగుడ్డ మడిచి భుజాన వేసుకున్నాడు.

కట్టర్ చప్పుడు ఆగింది. మధ్యాహ్నం తిండి వేళ. కాసేపటికి గేటు అవతల దగ్గు వినబడింది. లోపలి నలుగురికీ తెలిసిన దగ్గే. పండగకీ పబ్బానికీ, మనిషి కంటే ముందు లోపలికి వచ్చే దగ్గు. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ ఇంత శ్రద్ధగా వినలేదు.

చిన్న దస్తగిరి వచ్చాడు. నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్లటి బండపొడి. ఆ పొడిలో కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. బండ దగ్గర ఆగి, కడపటి ఖాళీ జాగాను అరచేత్తో తుడిచాడు.

“వదినా, నన్ను తిడతాండావని రోడ్డు దాకా వినబడింది. నాదేం తప్పు లేదు. మీ ఆయన ప్రాణం తీసినాడు చెక్కరా చెక్కరా అని. అయినా కడపటి అక్షరం చెక్కలే చూడు. రొండు దినాలు కొట్లాడినాడు నాతో. బతికుండేటోని పేరు నేను నిండుగా చెక్కను, ఏం చేసుకుంటావో చేసుకో అన్యా.”

ఆయన పెద్దాయన వైపు తిరిగాడు.

“పెద్దోడా, మొండితనం చాలు. సోమవారం పోయి కోయించుకోని రా. కావాలంటే మళ్ళా నీ చెయ్యి పట్టుకుంటా, కేక పెడుదువు. ఏమమ్మా హర్షిణమ్మా, నువ్వైనా చెప్పు మీ మామకు.”

హర్షిణి లేచి నిలబడింది. నోరు తెరిచింది. పెద్ద దస్తగిరి కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. ఈసారి వద్దని అనలేదు.

“పగలగొట్టెయ్, దస్తగిరీ!” వెంకటేశ్వరమ్మ ఉన్నట్టుండి అరిచింది. “ఆ బండను సుత్తితో పగలగొట్టెయ్! నా కండ్ల ముందర ఉండకూడదు అది!”

“అయ్యో, ఇంత మంచి బండను ఎవురన్నా పగలగొడతారా వదినా?” చిన్న దస్తగిరి చెక్కిన అక్షరాల మీద ప్రేమగా చెయ్యి వేశాడు. “పెద్దోనికి దీంతో పనిలేదు ఇంక, వాడు నూరేండ్లుంటాడు. దీన్ని నాకిచ్చెయ్యండి. పేరు నాదే గదా! కడపటి అక్షరం నా కొడుకు చెక్కుకుంటాడు.”

పకపకా నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేదాకా బండకు ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత తలెత్తి ఒక్కొక్కరి ముఖమే చూస్తూ వచ్చాడు.

“ఏమప్పా, ఎవురూ నగరేమి?”

ఆయన చూపు హర్షిణి ముఖం దగ్గరికి వచ్చి ఆగింది. చెయ్యి ఇంకా బండ మీదే ఉంది.